పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు మనిషిగా ఎలాంటివారు? చూసినవాళ్లు, విన్నవాళ్లు చెప్పండి

నర్సాపురం_కుర్రాడు

అందరికీ నమస్కారమండి. ఇక్కడ రెండేళ్లుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

మాది నర్సాపురం. మా నాన్నారు పెళ్లి మేళంలో క్లారినెట్ వాయించేవారు. పోయిన కార్తీకంలో కాలం చేశారు. ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే రీడ్లు దాచుకునే రేకు డబ్బా, రెండు పాత డైరీలు (అడ్వాన్సుల లెక్కలు తప్ప లోపలేమీ లేవు), 23 క్యాసెట్లు దొరికాయి. వాటిలో 7 మాండలిన్ శ్రీనివాస్ గారివి. రెండు కొన్నవి, ఐదు రేడియోలోంచి పట్టినవి. ఆ ఐదింటి మీదా నీలం సిరాతో ‘శ్రీను–1’, ‘శ్రీను–2’ అని రాసుకున్నారు, సొంత మేనల్లుడి పేరు రాసినట్టు. మూడోదాని మీద ‘శ్రీను–3, కల్యాణి’ అని (రాగం పేరు), కింద ‘214’ అని ఉంది. ఆ అంకె ఏంటో అర్థం కాలేదు. మిగతా వేటిమీదా అంకెలు లేవు.

నాన్నారికి ఆయనతో పరిచయం లేదు. ఒక్కసారి కూడా కలవలేదు. ఇంట్లో ఆ ప్రస్తావన వస్తే “మన పక్కూరోడు, మనలాగే క్లార్నెట్టు ఇంట్లో పుట్టాడు” అనేవారు, అంతే. 2014 సెప్టెంబరు 19న నేను హైదరాబాదులో నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నాను. ఫోన్ చేసి “శ్రీను పోయాడ్రా” అన్నారు. తణుకులో మా పెద్దమ్మ కొడుకు శ్రీను ఉన్నాడు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. వాడికి ఫోన్ చేస్తే “బండి మీదున్నా, మళ్లీ చేస్తా” అన్నాడు. అప్పుడు నాన్నారికి తిరిగి చేసి, అలాగేనా చెప్పేది అని అరిచాను. ఆయన ఏమీ అనకుండా పెట్టేశారు. ఇన్నేళ్లయినా అది నాకు మింగుడు పడలేదు.

అందుకే ఇప్పుడు కూర్చుని ఆ మనిషి గురించి దొరికిందల్లా చదువుతున్నాను. అన్నిచోట్లా ఒకేలా ఉన్న సంగతులు ఇవి. ఇంటిపేరు ఉప్పలపు. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారిది క్లారినెట్. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని పిల్లాడు పట్టుకుంటే వదల్లేదు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, పేరున్న గాత్ర విద్వాంసులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనకి తొలి కచేరీ, అప్పటికి 9 ఏళ్లు. 1981 డిసెంబరు సీజన్లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, అంటే మనం తొమ్మిదో తరగతి లెక్కలు చేసుకునే వయసులో. 1998లో పద్మశ్రీ. గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకీర్ హుస్సేన్ గార్లతో ‘రిమెంబర్ శక్తి’ బృందం. 45 ఏళ్లకే చెన్నైలో కాలేయం జబ్బుతో పోయారు.

ఇవన్నీ సరే. మనిషి ఎలాంటివాడు అని వెతికితే మాత్రం మూడు మాటలే దొరుకుతున్నాయి. నవ్వు, వినయం, బాలమేధావి. ఎవరు రాసినా ఇవే. ‘చెరగని చిరునవ్వు’ ఎన్నిసార్లు వచ్చిందో ఒక నోటుబుక్కులో గీతలు పెట్టడం మొదలెట్టి రెండో పేజీకి మానేశాను. మాండలిన్ పట్టిన వయసు ఒకరు ఐదంటారు, ఇంకొకరు ఆరంటారు. గురువు గారే విని నేర్పుతానన్నారని ఒకరు, తండ్రి తీసుకెళ్లి అప్పజెప్పారని ఒకరు. ఇలాంటి తేడాలతో నాకు పేచీ లేదు. మా ఇంట్లో నేను పుట్టిన రోజు వానొచ్చిందా లేదా అన్నదాని మీదే అమ్మకీ పెద్దమ్మకీ పడదు.

నా బెంగ వేరేది. తొమ్మిదేళ్లకే వేదికెక్కిన పిల్లాడి తరఫున ఎప్పుడూ పెద్దవాళ్లే మాట్లాడారు. గాత్ర విద్వాంసుల్లో శ్రీపాద పినాకపాణి గారు 99 ఏళ్లు బతికారు, బాలమురళి గారు 86. తమ కథ తామే తీరిగ్గా చెప్పుకునే వయసు వాళ్లకి వచ్చింది. ఈయనకి ఆ వయసే రాలేదు. అలాంటప్పుడు ఇతరులు చెప్పినదాంట్లోంచి మనిషిని ఎలా పట్టుకోవాలి? ఎవరైనా ఆయన కచేరీలు దగ్గరగా విన్నవాళ్లుంటే చెప్పండి. గొప్పవారు, దేవుడిచ్చిన విద్య లాంటివి దయచేసి వద్దు, ఆ నోటుబుక్కు నిండిపోయింది.

మైలాపూర్_మాజీ_గుమాస్తా

నాయనా, నీ ప్రశ్న బాగుంది. నాది తెనాలి, 1974 నుంచి మద్రాసు. బ్యాంకులో గుమాస్తా పని, సాయంత్రాలు సంగీత సభలు.

ముందుగా ఒక ఒప్పుకోలు. 1981 నాటి ఆ కచేరీకి నేను వెళ్లలేదు. ఇవాళ మైలాపూర్లో కదిపిన ప్రతివాడూ ఆ రోజు నేను మూడో వరసలో ఉన్నానంటాడు. వాళ్లందరూ నిజంగా వెళ్లి ఉంటే ఆ హాలు చాలదు, మెరీనా బీచి కావాలి. సాక్ష్యం తూచడానికి ఇది నీకు మొదటి తక్కెడ: ‘నేనక్కడ ఉన్నాను’ అనేవాడికంటే ‘నేను వెళ్లలేదు, ఫలానా కారణం’ అనేవాడి మాట కాస్త నమ్మొచ్చు.

నేను వెళ్లకపోవడానికి కారణం పొగరు. మాండలిన్ అంటే మాకు సినిమా పాటల్లో నడుమ వచ్చే ముక్క, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కుర్రాళ్లు మెడలో తగిలించుకునే వస్తువు. దాని మీద తోడి రాగం వాయిస్తాడా, గాంధారం (‘గ’ స్వరం) ఎక్కడ పెడతాడు అని క్యాంటీన్లో బోండా తింటూ నవ్వుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ తరవాత ఒక సీజన్లో స్నేహితుడు టిక్కెట్టు కొనేశాడని వెళ్లి, పల్లవి మొదలయ్యేలోపు జారుకుందామని తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. పట్టుచొక్కా, నుదుట విభూతి, చేతిలో బొమ్మంత వాద్యం. చుట్టూ తండ్రి వయసు వాళ్లు, తాత వయసు వాళ్లు. ఆ సాయంత్రంలో నాకు మిగిలింది రాగం పేరు కాదు. మృదంగం ఆయన ఒక ముక్తాయి (ముగింపు దరువు) వేసి ముగించగానే ఆ పిల్లాడు తలతిప్పి ఆయన వైపు చూశాడు. పెద్దవాళ్లు చిన్నవాళ్లని మెచ్చుకునే చూపు కాదు, చిన్నవాడు పెద్దాయన్ని చూసే భయం కూడా కాదు. గోళీలాటలో ఎదుటివాడు మంచి దెబ్బ కొడితే చూస్తాం చూడు, అది. నేను చివరిదాకా లేవలేదు, ఆఖరి బస్సు పోయింది, నడిచి ఇంటికెళ్లాను.

కాబట్టి నువ్వు విసుక్కుంటున్న ఆ ‘నవ్వు’ని పూర్తిగా కొట్టిపారెయ్యకు. నవ్వాడు అన్నది సమాచారం కాదు. ఎప్పుడు నవ్వాడు, ఎవరిని చూసి నవ్వాడు అన్నది సమాచారం. వీడియోలు ఉన్నాయి కదా, శబ్దం తీసేసి చూడు.

రెండో తక్కెడ. ఆయన చనిపోయిన ఆ వారంలో రాసినవన్నీ పక్కన పెట్టెయ్. అది మరణవార్త భాష, అందులో ఎవరైనా వినయశీలే. బతికుండగా జనం సణిగింది వెతుకు. మా వాళ్ల సణుగుళ్లు రెండే: ‘వేగం ఎక్కువ’, ‘కరెంటు వాద్యం, సౌండు ఎక్కువ’. మెచ్చుకోలు అందరూ ఒకే రకంగా చేస్తారు. సణిగేవాడు మాత్రం కచ్చితంగా ఏదో ఒకటి చూసి సణుగుతాడు.

ఇంకొకటి. ఆ 214 బహుశా టేప్ రికార్డర్ కౌంటర్ అయ్యుంటుంది. మీ ఇంట్లో ఉన్నదానికి మూడంకెల చక్రం, పక్కన సున్నాకి తెచ్చే చిన్న బొత్తాం ఉండేవా?

సూటిగా_ఒకమాట

ఆయన వ్యక్తిత్వం మనకెందుకండీ? వాయించింది ఉంది, వినండి. వంట బాగుంటే వంటవాడి జాతకం అడుగుతామా.

బొబ్బిలి_వీణ

సూటిగా గారూ, అడుగుతామండి. వంట మరీ బాగుంటే చెయ్యి ఎవరిదో అడక్కుండా విస్తరి ముందు నుంచి లేవం.

తమ్ముడూ, నేను వీణ నేర్పుతాను, 30 ఏళ్లుగా. నేను ఆయన్ని కలిసింది లేదు. కానీ వాద్యం పట్టుకునేవాళ్లకి ఇంకొకరి వాద్యం చూస్తే ఆ మనిషి కొంత తెలుస్తాడు, దర్జీకి చొక్కా చూస్తే ఒళ్లు తెలిసినట్టు. నాకు తెలిసినంత చెప్తాను.

మామూలు మాండలిన్‌కి 8 తీగలు, నాలుగు జంటలు. రెండేసి తీగలు ఒకే శ్రుతిలో పక్కపక్కనే ఉంటాయి, రెంటినీ కలిపే మీటాలి. నాదం పొట్టి. ఇలా మీటితే అలా ఆరిపోతుంది. అందుకే దాన్ని మీటు ఆపకుండా గరగరలాడిస్తారు, సినిమా పాటల్లో మీరు విన్నది అదే. ఇక మన సంగీతానికి గమకం లేకపోతే ఉప్పు లేని పప్పు. వీణ మీద మేం మెట్టు మీద తీగను పక్కకి లాగి ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారుస్తాం. ఆ లాగుడు పూర్తయ్యేదాకా నాదం బతికి ఉండాలి. మాండలిన్ మీద జంట తీగల్ని లాగి చూడండి, రెండూ ఒకేలా సాగవు. ఒకటి ముందు పోతుంది, ఒకటి వెనకపడుతుంది, గొడవ పడ్డ తోడికోడళ్లలా చెరో దారీ పడతాయి. పైగా ఆలోపే నాదం చచ్చిపోతుంది.

ఆయన ఏం చేశారు? జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు. నాలుగు కాకుండా ఐదు, మంద్రానికి, అంటే కింది స్వరాలకి, చోటు ఉండాలి కదా. నాదం నిలవడానికి కరెంటు పెట్టారు. మైలాపూర్ మామయ్యగారి స్నేహితులు సణిగిన ఆ కరెంటు లేకపోతే సహానా లేదు, తోడి లేదు. వాద్యాన్ని మార్చాను, కొత్తది కనిపెట్టాను అని దానికి తన పేరు పెట్టుకోలేదు చూశారా? ఐదు తీగల ఆ వస్తువుని చివరిదాకా మాండలిన్ అనే అన్నారు. చిత్రంగా ఆ వాద్యం పేరే ఆయన ఇంటిపేరైంది. మీ నోటుబుక్కులో వినయం కింద రాసుకోవాల్సింది నన్నడిగితే ఇదీ.

అన్నిటికంటే ముఖ్యం ఇంకొకటి ఉంది. గురువు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. ఇది ప్రతిచోటా ఒక్క వాక్యంలో రాసి దాటేస్తారు. నాకు మాత్రం అక్కడే కాలు ఆగిపోతుంది. నేను పిల్లలకి నేర్పేటప్పుడు ‘నా వేలు చూడు’ అంటాను రోజుకి వందసార్లు. ఆ పిల్లాడికి చూడటానికి వేలు లేదు. పాట వినిపిస్తుంది, ఆ పాట తన వాద్యంలో ఎక్కడుందో తనే వెతుక్కోవాలి. ఏ వేలుతో, ఏ తీగ మీద, ఎంత లాగాలి అన్నదానికి ఇంకొకరి జవాబు దొరకదు. ఏడేళ్లకీ ఎనిమిదేళ్లకీ అలా రోజూ వెతుక్కున్నవాడు ఒంటరిగా కూర్చోవడం, ఓపికపట్టడం నేర్చుకునే ఉంటాడు. ఆయన ఆలాపనలో ఊపిరి తీసుకునే చోట్లు వింటే తెలుస్తుంది, అది గాత్రం వాళ్ల ఊపిరి. వేళ్లకి ఊపిరి అక్కర్లేదు, ఎంతసేపైనా పరిగెత్తగలవు. అయినా ఆయన ఆగేవారు. చెంబై గారి దగ్గర నేర్చుకున్న ఒక మనిషి పాట ఆ వేళ్లలో ఉంది.

వేగం ఎక్కువన్నది మాత్రం నేనూ కొంత ఒప్పుకుంటాను. చిన్నప్పటి రికార్డులు కొన్ని వింటే, కొత్త సైకిలు కొనిచ్చిన పిల్లాడు వీధి చివరిదాకా తొక్కినట్టు ఉంటాయి. పెద్దయ్యాక తగ్గింది.

ఎడిసన్_తెలుగు

న్యూజెర్సీ నుంచి. నేను శాస్త్రీయ సంగీతం మనిషిని కాను, గిటార్ పిచ్చితో మెక్‌లాఫ్లిన్ కోసం రిమెంబర్ శక్తి కచేరీకి వెళ్లాను. టిక్కెట్టు మీద ఆయన పేరు చూసి ‘శ్రీనివాస్ ఎవరు, మనోడేనా’ అనుకున్నాను, అంత అజ్ఞానం.

బాల్కనీలో కూర్చున్నాను. అక్కడ ఎవరికి వారే కొండలు. జాకీర్ గారు తబలా మీద కబుర్లు చెప్తున్నారు, సెల్వగణేష్ గారు కంజీరతో హాలు ఊపేస్తున్నారు, శంకర్ మహదేవన్ గారి గొంతు సంగతి తెలిసిందే. ఈయన మాత్రం తన వంతు వచ్చేదాకా మాండలిన్ ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చున్నారు. నేను ఎన్నో బ్యాండ్లు చూశాను, వంతు కోసం ఎదురుచూసేవాళ్లు వేరేగా ఉంటారు, వేళ్లు కదులుతూ ఉంటాయి, తరవాత ఏం వాయించాలో లోపల లెక్క వేసుకుంటూ ఉంటారు. ఈయన ఊరికే విన్నారు. తరవాత ఎత్తుకున్నప్పుడు మెక్‌లాఫ్లిన్ గిటార్ మీద వదిలేసిన చివరి ముక్కనే పట్టుకుని అక్కణ్ణుంచి మొదలెట్టారు. నా పక్కన కూర్చున్న తెల్లాయన లేచి నిలబడిపోయాడు.

నాకు తోచిన సాక్ష్యం ఇంకోటి ఉంది. ఆయన పోయాక ఆ బృందం చాన్నాళ్లు కదల్లేదు. మళ్లీ కూడినప్పుడు ఇంకో మాండలిన్‌ని తేలేదు. గణేష్ రాజగోపాలన్ గారి వయోలిన్ తెచ్చుకున్నారు. 2023లో వచ్చిన ఆ ఆల్బంకే 2024 ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది. ఆ కుర్చీలో మాండలిన్‌ని కూర్చోబెట్టలేకపోయారంటే దానికంటే పెద్ద నివాళి ఏముంటుంది?

సూటిగా_ఒకమాట

అంత లాగకండి. 1970ల నాటి మొదటి శక్తిలో ఉన్నది వయోలినే, ఎల్. శంకర్ గారిది. మళ్లీ మొదటికి వెళ్లారు, అంతే. ఖాళీ కుర్చీల్లోంచి మనకి కావలసిన అర్థాలు తీసుకోవడం మొదలెడితే ఎవరి గురించైనా ఏదైనా రాసెయ్యొచ్చు. బొబ్బిలి గారు చెప్పిన జంట తీగల సంగతి వేరు. ఆ ముక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను.

ఎడిసన్_తెలుగు

సరేనండి, సగం వెనక్కి తీసుకుంటున్నా. నిలబడిపోయిన తెల్లాయన మాత్రం నిజం.

గట్టిమేళం

నర్సాపురం తమ్ముడూ, మాది తణుకు దగ్గర పల్లెటూరు. నేనూ మేళంలో వాడినే, డోలు. 22 ఏళ్లు కొట్టి చెవులు పోయాక మానేశాను, ఇప్పుడు కొడుకు ఫ్లెక్సీల షాపులో కూర్చుంటున్నా. మీ నాన్నగారి పేరు అడగను. ఈ చుట్టుపక్కల క్లార్నెట్టు వాయించినాయనైతే ఏదో ఒక పందిట్లో తగిలే ఉంటాడు.

మీరందరూ ఆయనెలాంటోడు అని వెతుకుతున్నారు. నాకు మీ నాన్న సంగతి కనపడుతోంది. చెప్తాను, తప్పుగా అనుకోవద్దు.

పెళ్లి మేళం అంటే ఎవడూ వినడు. వినడానికి పిలవరు మమ్మల్ని. భోజనాల దగ్గర అరుపులు, పిల్లల పరుగులు, వీడియో వాడు లైటు మన కళ్లలో పెడతాడు. ఆ గోలలో క్లార్నెట్టు ఆయన కళ్లు మూసుకుని కల్యాణో కాంభోజో అందుకుంటాడు. ఇలా నిషాదం మీద నిలబడి పైకి పోదామనుకుంటాడు, అంతలో పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం, గట్టిమేళం’ అంటాడు. ఉన్నపళంగా ఆ రాగం గొంతు నులిమేసి మేమందరం దడదడా కొట్టాలి. తాళి అయినా, తలంబ్రాలయినా, ఎవరో తుమ్మినా అంతే. మళ్లీ నెమ్మదించాక ఆయన అందుకుంటాడు, మళ్లీ చెయ్యి లేస్తుంది. ఏ రాగమూ చివరిదాకా పోదు. మా జట్టులో క్లార్నెట్టు ఆయన ఒకసారి ఆషాఢంలో, పనుల్లేని రోజుల్లో, ఏటిగట్టు మీద కూర్చుని ఒక్క రాగమే గంటసేపు వాయించాడు. ‘ఇదిరా, ఇప్పుడు అరిగింది’ అన్నాడు, అన్నం తిన్నట్టు.

అలాంటి ఇంట్లోంచి ఒక పిల్లాడు లేచి మద్రాసు సభలో కూర్చున్నాడు. జనం టిక్కెట్టు కొని, నోరు మూసుకుని, ముందు కూర్చున్నారు. అరగంట ఆలాపన చేసినా గట్టిమేళం అనేవాడు లేడు. మాలో ఆయన్ని శ్రీను అనడానికి చనువు అక్కర్లేదండి. మా తరఫున ఒకడు పూర్తిగా వాయిస్తున్నాడు, అంతే. మీ నాన్న మీకు ఫోన్ చేసి అలా చెప్పింది మిమ్మల్ని హడలగొట్టడానికి కాదు. ఆయనకి ఇంకో శ్రీను గుర్తే రాలేదు ఆ నిమిషం.

నర్సాపురం_కుర్రాడు

అందరికీ పేరుపేరునా దండాలండి. పది రోజులు ఆలస్యమైంది, ఊరెళ్లాను.

మైలాపూర్ మామయ్యగారు చెప్పినట్టు వీడియోలు శబ్దం తీసేసి చూశాను. ఆయన నవ్వు పక్కవాద్యాల వైపే ఎక్కువ తిరుగుతోంది, జనం వైపు తక్కువ. అదీ వాళ్లేదో అనుకోనిది వాయించినప్పుడు. తన ముక్క బాగా కుదిరినప్పుడు నవ్వడం లేదు, అప్పుడు కింద వేళ్లకేసి చూస్తున్నారు. నోటుబుక్కులో ‘నవ్వు’ అన్న పేజీ చింపేసి ఈ రెండు ముక్కలు రాసుకున్నాను. బొబ్బిలి అక్కగారు చెప్పిన ఊపిరి నాకు మొదట వినపడలేదు. మా ఆవిడ కొద్దిగా పాడుతుంది. తను పక్కన కూర్చుని ఆయన ఆగినప్పుడల్లా నా మోచెయ్యి గిల్లింది. ఇప్పుడు వినపడుతోంది, మోచెయ్యి కందిపోయింది.

గట్టిమేళం గారూ, మీది చదివాక నేను రెండు రోజులు ఇక్కడికి రాలేకపోయాను. ఆ ఫోన్ సంగతి మీరు చెప్పిందే అయ్యుంటుంది.

ఇక 214. అది కౌంటరేనండి. ఇంట్లో నాన్నారి పాత నేషనల్ పానాసోనిక్ అటక మీద ఉంది. లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. నర్సాపురంలో బాగుచేసేవాళ్లు దొరకలేదు, భీమవరంలో ఒక పెద్దాయన రెండు రోజులుంచుకుని కొత్త బెల్టు వేసిచ్చారు, 350 తీసుకున్నారు. శ్రీను–3 పెట్టి, చక్రాన్ని 000కి తెచ్చి, 214 దాకా తిప్పి మీట నొక్కాను. కల్యాణి ఆలాపన మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ముందున్న కృతి తాలూకు చప్పట్లు కూడా లేవు, చుక్క మీద సూది పెట్టినట్టు.

కానీ ఆ ఆలాపన సరిగ్గా వినపడదు. దానికి ముందు బాగుంది, తరవాత వయోలిన్ అందుకున్న దగ్గర్నుంచీ బాగుంది. ఆ నడిమి భాగం మాత్రం నీళ్లలోంచి వినిపిస్తున్నట్టు మందగించిపోయింది, అక్కడక్కడ తూలుతోంది కూడా. భీమవరం పెద్దాయనకి ఫోన్లో వినిపిస్తే “టేపు అక్కడ అరిగిపోయింది బాబూ, మిషన్ తప్పేం లేదు” అన్నారు.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నాన్నారు ఈ క్యాసెట్ వినేవారా అని అడిగాను. తలెత్తలేదు.

“వినడమా! పెళ్లిళ్లకెళ్లొచ్చిన రోజు ఎంత రాత్రైనా అదే. వెనక్కి తిప్పడం, పెట్టడం, వెనక్కి తిప్పడం, పెట్టడం. ఆ కిర్రుకిర్రుకి నాకు నిద్ర పట్టి చచ్చేది కాదు” అంది.